మారే వెలుగు – చుక్కలు చెప్పే పాఠం

సైన్సు అంటే ప్రయోగం. ఆకును కోసి చూస్తాం, ఆమ్లంలో లిట్మస్ కాగితం ముంచి చూస్తాం, తీగలో విద్యుత్తు పంపి చూస్తాం. కానీ నక్షత్రాన్ని ఏ ప్రయోగశాలకు తీసుకురాగలం? సూర్యుణ్ణి మినహాయిస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం కూడా 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణించే కాంతికే అక్కడి నుంచి రావడానికి నాలుగేళ్ళు దాటుతుంది. దానిని తాకలేం, కోయలేం, తూకం వేయలేం. దాని దగ్గరి నుంచి మనకు చేరేది ఒక్కటే, వెలుగు. మరి ఆ చుక్క ఎంత పెద్దది, ఎంత వేడి, దాని చుట్టూ గ్రహాలు తిరుగుతున్నాయా అన్న సంగతులన్నీ శాస్త్రవేత్తలు ఎలా చెబుతున్నారు? ఆ వెలుగు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఎంత తగ్గింది అని ఓపికగా రాసిపెట్టుకోవడం వల్ల. ఈ సంగతిని, ఈ పనిలో మన హాస్టల్ విద్యార్థులు కూడా పాలు పంచుకోగల తీరును తమ్ముళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మన ఊళ్ళలో చుక్కల పేర్లు

చుక్కలను చూడడం మనకు కొత్త కాదు. గడియారాలు లేని రోజుల్లో మన పెద్దలు వేగుచుక్కను చూసి నిద్ర లేచారు. వరుసగా నిలిచిన మూడు చుక్కలను గొర్రుకొయ్యలు అన్నారు. గుంపుగా కనిపించే కృత్తికలను పిల్లలకోడి అన్నారు. సప్తర్షి మండలంలో నాలుగు చుక్కలను మంచంగా, వెనుక ఉన్న మూడింటిని ఆ మంచాన్ని దొంగిలించబోయే దొంగలుగా గోండు పెద్దలు చెప్పుకుంటారు. రైతుకు కార్తెలన్నీ నక్షత్రాల పేర్లే. రోహిణి కార్తెలో ఎండలు, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో ఎర్రని పురుగులు మనకు తెలిసినవే.

ఇక్కడ ఒక ప్రశ్న. ఆరుద్ర కార్తెలో ఆరుద్ర నక్షత్రం కనబడుతుందా? కనబడదు. సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న దిక్కున ఉన్నప్పుడే దానిని ఆరుద్ర కార్తె అంటాం. అప్పుడు ఆ చుక్క సూర్యునితో పాటే ఉదయించి సూర్యునితో పాటే అస్తమిస్తుంది. దానిని రాత్రి బాగా చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి వరకు చూడాలి. గొర్రుకొయ్యలకు ఒక పక్కన ఎర్రగా మెరిసేది ఆరుద్ర, దానికి ఎదురు పక్కన నీలి తెలుపులో మెరిసేది రైజెల్. ఈ ఎర్ర చుక్క గురించి మళ్ళీ చెప్పుకుందాం.

వెలుగుకు ర్యాంకులు

చుక్కల వెలుగును కొలవడానికి ప్రకాశ పరిమాణం అనే లెక్క ఉంది. ఇది క్లాసులో ర్యాంకు వంటిది. ఒకటో ర్యాంకు విద్యార్థి ముందుంటాడు, ఆరో ర్యాంకు వాడు వెనుక ఉంటాడు. అలాగే 1వ పరిమాణం చుక్క బాగా వెలుగుతుంది, 6వ పరిమాణం చుక్క కంటికి అతి కష్టంగా ఆనుతుంది. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. బాగా ప్రకాశించే వాటికి సున్నా, సున్నా కంటే తక్కువ అంకెలు కూడా ఉంటాయి.

ఈ పాత లెక్కను 1856లో నార్మన్ పోగ్సన్ స్థిరపరిచారు. 5 పరిమాణాల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్ల తేడా అన్నారు. అంటే ఒక్కో పరిమాణానికి సుమారు రెండున్నర రెట్లు. పోగ్సన్ 1861లో మద్రాసు వేధశాల బాధ్యత చేపట్టి 1891లో మరణించే వరకు అక్కడే పనిచేశారు. ఆయన దగ్గర సహాయకునిగా ఉన్న చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రం వెలుగు మారుతోందని కనుగొన్నారు. ఇలా వెలుగు మారే నక్షత్రాలను చర నక్షత్రాలు అంటారు.

వెలుగు ఎందుకు మారుతుంది?

ముందుగా ఒక జాగ్రత్త. చుక్క మిణుకుమిణుకుమనడం దాని మార్పు కాదు, మన గాలి చేసే పని. మనం చెప్పుకునే మార్పు గంటలు, రోజులు, నెలలు పడుతుంది. దానికి ముఖ్యంగా మూడు కారణాలు.

మొదటిది గ్రహణం. పర్సియస్ నక్షత్ర మండలంలో ఆల్గోల్ అనే చుక్క ఉంది. మామూలుగా దాని పరిమాణం 2.1. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి అది 3.4కు పడిపోతుంది. అంటే వెలుగు మూడో వంతు కంటే తక్కువకు వస్తుంది. సుమారు ఐదు గంటల్లో తగ్గి, మరో ఐదు గంటల్లో తిరిగి మామూలు స్థితికి చేరుతుంది. 1783లో ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో జాన్ గుడ్రిక్ అనే కుర్రవాడు ఈ కాలాన్ని లెక్కగట్టాడు. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. చిన్నప్పుడు జబ్బు చేసి వినికిడి పోయింది. రాత్రుల తరబడి ఆల్గోల్‌ను పక్క చుక్కలతో పోల్చి రాసుకున్నాడు. కనబడని వస్తువేదో ఆ నక్షత్రం ముందు నుంచి వెళ్తూ దానిని కప్పుతూ ఉండవచ్చని చెప్పాడు. రాయల్ సొసైటీ అదే ఏడు అతనికి కోప్లీ పతకం ఇచ్చింది. 21 ఏళ్ళకే అతను చనిపోయాడు. అతని ఊహ నిజమని వందేళ్ళ తరువాత రుజువైంది. ఆల్గోల్ ఒక నక్షత్రం కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. వీటిని గ్రహణ జంట తారలు అంటారు.

రెండవది నక్షత్రం ఉబ్బడం, తగ్గడం. మనం ఊపిరి పీల్చి వదిలినట్టు కొన్ని నక్షత్రాలు వ్యాకోచించి సంకోచిస్తాయి. మిరా అనే చుక్క సుమారు 11 నెలలకు ఒకసారి కంటికి బాగా కనిపించి, తరువాత పూర్తిగా మాయమవుతుంది. సిఫియిడ్లు అనే నక్షత్రాలు రోజుల్లోనే ఈ మార్పు చూపిస్తాయి. అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో పనిచేసిన హెన్రియెట్టా లీవిట్ 1912లో వీటి గురించి ఒక గొప్ప సూత్రం చెప్పారు. ఎక్కువ కాలం తీసుకుని మారే సిఫియిడ్ అసలు వెలుగు కూడా ఎక్కువ. కాలం తెలిస్తే అసలు వెలుగు తెలుస్తుంది. అసలు వెలుగును మనకు కనబడే వెలుగుతో పోల్చితే దూరం తెలుస్తుంది. ఈ సూత్రంతోనే 1923 నుంచి ఎడ్విన్ హబుల్ చేసిన పని వల్ల ఆండ్రోమెడా మన పాలపుంతకు బయట ఉన్న మరో గెలాక్సీ అని తేలింది. లీవిట్‌కు కూడా వినికిడి సరిగా లేదు.

మూడవది నక్షత్రం మీద మచ్చలు, చుట్టూ ధూళి. ఇక్కడ మన ఆరుద్రకు వద్దాం. 2019 చివరి నుంచి ఆరుద్ర వెలుగు తగ్గుతూ వచ్చింది. మామూలుగా 0.5 దగ్గర ఉండేది 2020 ఫిబ్రవరిలో సుమారు 1.6కు పడిపోయింది. పక్కనే ఉన్న బెల్లాట్రిక్స్‌తో సమానమైంది. ఈ నక్షత్రం పేలిపోతుందా అని ప్రపంచమంతా చర్చ జరిగింది. అది పేలలేదు. నక్షత్రం నుంచి బయటికి వచ్చిన వాయువు చల్లబడి ధూళిగా మారి మనవైపు కొంత భాగాన్ని కప్పిందని తరువాత పరిశీలనల్లో తేలింది. ఆ ధూళి ఇప్పటి సంగతి కూడా కాదు. ఆరుద్ర సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాకతీయుల పాలన ముగిసిన తరువాతి శతాబ్దాల్లో ఎప్పుడో అక్కడ జరిగిన ముచ్చటను మనం 2020లో చూశాం.

కనబడని గ్రహం జాడ

వానాకాలం రాత్రి బల్బు చుట్టూ ఉసిళ్ళు తిరుగుతాయి. దూరం నుంచి చూస్తే ఉసిళ్ళు కనబడవు, బల్బు వెలుగే కనబడుతుంది. ఉసిలి బల్బు ముందుకు వచ్చినప్పుడు మాత్రం వెలుగు రవ్వంత తగ్గుతుంది. దూరపు నక్షత్రాల గ్రహాలను పట్టుకునేది ఇలాగే.

మన సూర్యుని ముందు కూడా ఇది జరుగుతుంది. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగిపోవడాన్ని శుక్ర సంక్రమణం అంటారు. 1874 డిసెంబరు 9న జరిగిన సంక్రమణాన్ని మన తెలుగువారు అంకితం వెంకట నరసింగరావు విశాఖపట్నంలోని సొంత వేధశాల నుంచి పరిశీలించారు. ఆ వేధశాలను 1840 ప్రాంతంలో నెలకొల్పిన గోడే వెంకట జగ్గారావు ఆయనకు మామగారు. తరువాత 1882లో, 2004 జూన్ 8న, 2012 జూన్ 6న సంక్రమణాలు జరిగాయి. చివరిదాన్ని మన ప్రాంతంలో పొద్దున్నే చూడగలిగాం. మళ్ళీ 2117 డిసెంబరు వరకు లేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. సూర్యుని వ్యాసం భూమి వ్యాసానికి 109 రెట్లు. గురుగ్రహం వ్యాసం భూమికి 11 రెట్లు. అంటే గురుడు సూర్యునిలో సుమారు పదో వంతు. వృత్త వైశాల్యం వ్యాసార్థపు వర్గాన్ని బట్టి ఉంటుంది కదా. కాబట్టి ఎక్కడో దూరం నుంచి ఎవరైనా చూస్తూ ఉంటే, గురుడు సూర్యుని ముందుకు వచ్చినప్పుడు వెలుగు 10 × 10 = 100లో ఒక వంతు తగ్గుతుంది. అదే భూమి అడ్డు వస్తే 109 × 109 = 11,881లో ఒక వంతు మాత్రమే. పదో తరగతి లెక్కతోనే, వెలుగు ఎంత తగ్గిందో తెలిస్తే గ్రహం ఎంత పెద్దదో చెప్పవచ్చు. ఎన్ని రోజులకు ఒకసారి తగ్గుతోందో తెలిస్తే కెప్లర్ సూత్రంతో గ్రహం తన నక్షత్రానికి ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు.

1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి కనుగొన్నారు. వారు నక్షత్రపు ఊగిసలాటను చూసి దానిని పట్టుకున్నారు. ఆ పనికి 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు. వెలుగు తగ్గడం ద్వారా గ్రహాన్ని మొదటిసారి గుర్తించింది 1999లో. హెచ్‌డి 209458 అనే నక్షత్రం వెలుగు మూడున్నర రోజులకు ఒకసారి సుమారు ఒకటిన్నర శాతం తగ్గుతోందని తేలింది. 2009లో అమెరికా పంపిన కెప్లర్ టెలిస్కోపు 2018 వరకు పనిచేసి ఈ పద్ధతితో రెండున్నర వేలకు పైగా గ్రహాలను బయటపెట్టింది. 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ భూమి అంతటి గ్రహాలు ఏడు ఉన్నాయని 2017లో ప్రకటించారు. 2025 నాటికి ఇలా సౌర కుటుంబానికి బయట గుర్తించిన గ్రహాల సంఖ్య 6,000కు చేరింది. వీటిలో చాలా వాటిని ఎవరూ బొమ్మగా చూడలేదు. వెలుగు తగ్గిన లెక్కలోనే చూశారు.

రంగుల్లో దాగిన సంగతి

వెలుగు ఎంత ఉందనేదే కాదు, అందులో ఏ రంగులు ఉన్నాయనేది కూడా చదవవచ్చు. పట్టకంతో కాంతిని విడదీస్తే వర్ణపటం వస్తుంది. అందులోని గీతలు ఒక్కో మూలకానికి వేలిముద్రల వంటివి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరుకు వచ్చి సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. ఆ జ్వాలలు వేడి వాయువులని, వాటిలో హైడ్రోజన్ ఉందని తెలిసింది. అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ సూర్యకాంతిలో ఒక పసుపు గీతను అప్పటికి తెలియని మూలకానిదిగా గుర్తించారు. అదే హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో.

ఈ గీతలు నక్షత్రం వేడిని కూడా ఎలా చెబుతాయో సూత్రీకరించింది మన దేశస్థుడు మేఘనాద్ సాహా. ఆయన సంగతి హాస్టల్ విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1893లో ఢాకా దగ్గరి శియోరతలి గ్రామంలో పుట్టారు. తండ్రిది చిన్న కిరాణా దుకాణం. ఊళ్ళో పెద్ద బడి లేక, మరో ఊళ్ళో ఒక డాక్టరు గారింట్లో ఉండి, ఆవును చూసుకుంటూ, తన కంచం తానే కడుక్కుంటూ చదివారు. కలకత్తాలో కాలేజీ చదువుకు వెళ్ళి హాస్టల్‌లో చేరితే, తక్కువ కులంవాడని కొందరు విద్యార్థులు ఆయనతో కలిసి భోజనం చేయడానికి ఒప్పుకోలేదు. ఆ సాహాయే 1920లో ప్రచురించిన సమీకరణంతో ప్రపంచంలోని ఖగోళ శాస్త్రవేత్తలందరికీ నక్షత్రాల వర్ణపటాలు చదవడం నేర్పారు. 1952లో లోక్‌సభకు కూడా ఎన్నికయ్యారు. ఆయనతో కలిసి భోజనం చేయనన్న వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఆయన సమీకరణం లేని ఖగోళ భౌతిక శాస్త్ర పుస్తకం ఉండదు.

ఇదే వర్ణపట విద్యతో ఇప్పుడు గ్రహాల గాలిని కూడా చదువుతున్నారు. గ్రహం నక్షత్రం ముందు నుంచి వెళ్ళేటప్పుడు కొంత కాంతి ఆ గ్రహపు వాతావరణం గుండా వస్తుంది. 2021లో ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో వాస్ప్-39బి అనే గ్రహం వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు ఇలాగే గుర్తించింది.

హైదరాబాద్ వేధశాలలు

ఈ పని మన రాష్ట్రంలోనూ జరిగింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి హైదరాబాద్‌లో నిజామియా వేధశాలకు పునాది వేశారు. ఆయన తరువాత 1908లో నిజాం ప్రభుత్వం దానిని తీసుకుంది, వేధశాల బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచ దేశాలు కలిసి ఆకాశ పటం తయారు చేసినప్పుడు తన వంతు భాగంలో లక్షల నక్షత్రాల స్థానాలను ఇక్కడివారు కొలిచారు. చర నక్షత్రాలను కూడా పరిశీలించారు. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వైణు బప్పు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లోనే చర నక్షత్రాలను గమనించి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్ళి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకరయ్యారు. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన నెలకొల్పినదే.

నగరం పెరిగేకొద్దీ బేగంపేట ఆకాశంలో చీకటి తగ్గిపోయింది. అందుకే ఉస్మానియా వారు నగరానికి సుమారు 50 కిలోమీటర్లు దాటి జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర కొత్త వేధశాల కట్టుకుని, 1968లో 48 అంగుళాల టెలిస్కోపును ప్రారంభించారు. కె.డి. అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ వంటి ఆచార్యులు, వారి విద్యార్థులు అక్కడ గ్రహణ జంట తారల వెలుగును కాంతి విద్యుత్ పరికరంతో కొలిచారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి శాస్త్రవేత్తలు అక్కడ చేరారు.

ఆలోచించండి. చీకటి కోసం ఒక విశ్వవిద్యాలయమే ఊరు దాటి వెళ్ళవలసి వచ్చింది. అడవుల నడుమ ఉన్న మన బోథ్‌లో ఆ చీకటి డాబా ఎక్కితే దొరుకుతుంది. పట్నంలో చదివే పిల్లలకు కోచింగులు ఉండవచ్చు, ల్యాబులు ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలో మనమే ధనవంతులం.

మనం చేయగల పని

1. దీపావళి తరువాత పత్తి ఏరే రోజుల నుంచి ఆకాశం తేటగా ఉంటుంది. వార్డెన్ సారు అనుమతితో, పిట్టగోడ ఉన్న చోట, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోవాలి. పది పదిహేను నిమిషాలు దీపం చూడకుండా ఉంటే కన్ను చీకటికి అలవాటు పడుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి.

2. మొదట ఆరుద్రతో మొదలుపెట్టాలి. పోల్చడానికి రోహిణి పరిమాణం 0.9, బెల్లాట్రిక్స్ పరిమాణం 1.6. ఆరుద్ర ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉందనిపిస్తే సుమారు 1.2 లేదా 1.3 అని రాయాలి. రోహిణి కంటే ఎక్కువ వెలిగితే, 0.4 ఉన్న ప్రోసియాన్‌తో పోల్చాలి. పోల్చే చుక్కలు మరీ కిందికి దిగి ఉంటే గాలి వల్ల మసకబారతాయి. అన్నీ బాగా పైకి వచ్చాక చూడాలి. ఈ చుక్క నెమ్మదిగా మారుతుంది, వారానికి ఒకసారి చూసినా చాలు.

3. తరువాత ఆల్గోల్. కృత్తికలకు, ఎం అక్షరంలా కనబడే శర్మిష్ఠ మండలానికి మధ్యన ఉత్తరం వైపు వెతకాలి. మామూలుగా ఆండ్రోమెడా మండలంలోని ఆల్మాక్‌కు (2.1) సమానంగా ఉంటుంది. ఏదో ఒక రాత్రి బాగా తగ్గి కనబడితే ఆ సమయం రాసుకోవాలి. ఒక రాత్రి 11 గంటలకు అతి తక్కువగా ఉంటే, మూడు రోజుల తరువాత 3 గంటల 11 నిమిషాలు ముందుగా, అంటే 7 గంటల 49 నిమిషాలకు మళ్ళీ అలా అవుతుంది. మీ లెక్క నిజమైందో లేదో మీ కళ్ళతోనే చూసుకోవచ్చు.

4. తేదీ, సమయం, పరిమాణం, ఆకాశం ఎలా ఉంది, చూసిన వారి పేరు రిజిస్టరులో రాయాలి. పక్కవాడు ఏం రాశాడో ముందుగా చూడకూడదు. తగ్గుతుందని అనుకున్నాం కదా అని తగ్గినట్టు రాయకూడదు. కన్ను ఏం చూసిందో అదే రాయాలి.

5. నెల తరువాత గ్రాఫు కాగితం మీద అడ్డంగా తేదీలు, నిలువుగా పరిమాణాలు వేసి చుక్కలు పెట్టాలి. దీనినే కాంతి రేఖ అంటారు. కెప్లర్ టెలిస్కోపు గీసింది కూడా ఇదే.

6. సూర్యుణ్ణి మాత్రం ఎప్పుడూ నేరుగా చూడవద్దు. గ్రహణమైనా, సంక్రమణమైనా సరైన ఫిల్టరు లేకుండా చూస్తే కళ్ళు పోతాయి.

ఇలాంటి సాధారణ పరిశీలనలకు విలువ ఉంది. 1911లో అమెరికాలో మొదలైన చర నక్షత్ర పరిశీలకుల సంఘం ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు పంపే లెక్కలను నేటికీ భద్రపరుస్తోంది. పెద్ద టెలిస్కోపులకు ఆరుద్ర వంటి కాంతివంతమైన చుక్కను రోజూ చూస్తూ కూర్చునే తీరిక ఉండదు. ఆ పని మామూలు కళ్ళదే.

చివరిగా ఒక మాట. మనలో ఎవరమైనా హాస్టల్‌లో ఉండేది కొన్ని ఏళ్ళే. నక్షత్రాలు అంత త్వరగా తమ కథ ముగించవు. ఏడాదికి ఒకసారి తిరిగే గ్రహాన్ని నమ్మడానికే మూడుసార్లు వెలుగు తగ్గడం చూడాలి, అంటే కనీసం రెండేళ్ళకు పైగా కాపు కాయాలి. ఆరుద్ర సంగతి తెలియాలంటే పదుల ఏళ్ళు కావాలి. అందుకని రిజిస్టరు ఒక విద్యార్థిది కాకుండా హాస్టల్‌ది కావాలి. పదో తరగతి వారు వెళ్ళేటప్పుడు తొమ్మిదో తరగతి వారి చేతికి ఇచ్చి వెళ్ళాలి. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుంటే ఒక బైనాక్యులర్ కూడా వస్తుంది. కానీ అది వచ్చేదాకా ఆగనక్కర లేదు. 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, ఒక పెన్సిలు, ఒక గడియారం ఉంటే ఈ చలికాలమే మొదటి పేజీ రాయవచ్చు.